హాన్ షిన్ తిరగబడ్డాడా? షిజీని అధ్యాయాల మధ్య చదవడం

షిజీ క్రీ.పూ. 1వ శతాబ్దం నాటి చైనా చరిత్ర గ్రంథం, రాసినవాడు సిమా ఛియెన్. హాన్ వంశానికి యుద్ధాలు గెలిచిపెట్టి, చివరికి ద్రోహి అన్న పేరుతో చనిపోయిన సేనాపతి హాన్ షిన్ మీద 92వ అధ్యాయం చివర అతనిచ్చిన తీర్పు చాలా కఠినంగా ఉంటుంది. హాన్ షిన్ కాస్త వినయం నేర్చుకుని, తన ఘనత తానే చెప్పుకోకుండా ఉండి ఉంటే, పూర్వం జౌ వంశాన్ని నిలబెట్టిన మహామంత్రుల సరసన అతని పేరు చేరేదనీ, తరతరాలు అతనికి తర్పణాలు అందేవనీ అంటాడు. ఆ వెంటనే, అలా చేయక, లోకమంతా కుదుటపడ్డాక తిరుగుబాటు తలపెట్టాడు, వంశం నాశనం కావడం సబబే కదా అని ముగిస్తాడు.

ఈ పేరా ఒక్కటీ చదివితే హాన్ షిన్ ద్రోహి. కానీ అదే అధ్యాయంలో కాస్త వెనక్కి వెళితే క్రీ.పూ. 203 నాటి ఘట్టం ఉంటుంది. అప్పటికి హాన్ షిన్ ఛి రాజ్యానికి రాజు. ఛిన్ సామ్రాజ్యం కూలాక గద్దె కోసం పోరులో ఒకవైపు చూ అధిపతి శ్యాంగ్ యూ, మరోవైపు హాన్ అధిపతి ల్యూ బాంగ్. హాన్ షిన్ ఎటు మొగ్గితే గెలుపు అటే. ముందు శ్యాంగ్ యూ దూత ఊ షె వచ్చి నచ్చజెబుతాడు. హాన్ షిన్ ఒప్పుకోడు. తర్వాత క్వాయ్ తోంగ్ అనే సలహాదారు వస్తాడు. రాజ్యాన్ని ముక్కాలిపీటలా మూడుగా పంచుకుని నిలబడమని సుదీర్ఘంగా వాదిస్తాడు. కొన్ని రోజులాగి మళ్ళీ వచ్చి మళ్ళీ వాదిస్తాడు. హాన్ షిన్ సందేహిస్తాడు, ఊగిసలాడతాడు, చివరికి కాదంటాడు. ల్యూ బాంగ్ తన రథమిచ్చాడు, తన బట్టలిచ్చాడు, తన అన్నం పెట్టాడు, లాభం చూసుకుని అతనికెలా ఎదురు తిరగను అంటాడు.

ఈ ప్రసంగాలను సిమా ఛియెన్ ఒక్క వాక్యంలో తేల్చేయొచ్చు. అలా చేయలేదు, దాదాపు మొత్తంగా ఎత్తి రాశాడు. ఛింగ్ కాలపు చరిత్ర విమర్శకుడు జావ్ యీ (1727–1814) దీని మీద ఒక మాట అన్నాడు. క్వాయ్ తోంగ్ మాటలన్నీ ఇక్కడ పెట్టడానికి కారణం హాన్ షిన్ మనసు హాన్ వైపే ఉందని చూపడానికేనని, అంత వాగ్ధాటికి కూడా చలించని మనిషిని తర్వాత ద్రోహిగా చంపడంలోని అన్యాయం అప్పుడే పాఠకుడికి తెలుస్తుందని అతని వివరణ. క్రీ.శ. 1వ శతాబ్దపు చరిత్రకారుడు బాన్ గూ, హాన్ వంశ చరిత్ర అయిన హాన్ షూ రాసేటప్పుడు ఏం చేశాడో కూడా జావ్ యీ గమనించాడు. బాన్ గూ ఆ ప్రసంగాన్ని హాన్ షిన్ జీవితం (34వ అధ్యాయం) నుంచి తీసి, 45వ అధ్యాయంలో క్వాయ్ తోంగ్ పేరు మీద విడిగా పెట్టాడు. సమాచారం ఏమీ పోలేదు. కానీ హాన్ షిన్ అధ్యాయంలో అతని పక్షాన నిలబడే సాక్ష్యం పలచబడింది.

షిజీ మీద సాహిత్య వ్యాఖ్యానం చేసినవాళ్ళు శతాబ్దాలుగా చెబుతున్నది ఇదేనని నా అభిప్రాయం: ఈ పుస్తకంలో తీర్పు వాక్యాల్లో కంటే, ఏ విషయం ఎక్కడ పెట్టారన్న దాంట్లో ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఏ అధ్యాయాన్నీ ఒంటరిగా చదవకూడదు.

పుస్తకం నిర్మాణం తెలిస్తే ఇది ఎలా సాధ్యమో అర్థమవుతుంది. మొత్తం 130 అధ్యాయాలు. పాలకుల వృత్తాంతాలు 12, కాలపట్టికలు 10, ఆచారాలు, పంచాంగం, నదులు, ఆర్థికం లాంటి విషయాల మీద వ్యాసాలు 8, సామంత వంశాల చరిత్రలు 30, వ్యక్తుల జీవితాలు 70. మొత్తం 5,26,500 అక్షరాలని చివరి అధ్యాయంలో రచయితే లెక్క చెప్పాడు. ఒకే యుద్ధం, ఒకే విందు, ఒకే చావు నాలుగైదు చోట్ల రావడం ఈ నిర్మాణంలో తప్పదు. ఎక్కడ విస్తరించాలి, ఎక్కడ కుదించాలి, ఎక్కడ వదిలేయాలి అన్నది రచయిత ఎంపిక. ఆ ఎంపికే అతని గొంతు.

క్రీ.పూ. 206లో జరిగిన హోంగ్‌మెన్ విందు చూడండి. 7వ అధ్యాయం శ్యాంగ్ యూది. ఇక్కడ విందు పూర్తి నాటకంలా నడుస్తుంది. శ్యాంగ్ యూ సైన్యం 4 లక్షలు, ల్యూ బాంగ్‌ది లక్ష, శిబిరాల మధ్య దూరం 40 లీలు (లీ అంటే సుమారు 400 మీటర్లు). ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారో కూడా చెబుతాడు. శ్యాంగ్ యూ, అతని చిన్నాన్న శ్యాంగ్ బో తూర్పు ముఖంగా, సలహాదారు ఫాన్ జెంగ్ దక్షిణ ముఖంగా, ల్యూ బాంగ్ ఉత్తర ముఖంగా, అతని సలహాదారు జాంగ్ ల్యాంగ్ పడమర ముఖంగా. ఆ కాలంలో గదిలో తూర్పు ముఖం అన్నిటికన్నా గౌరవ స్థానం, తర్వాత దక్షిణం, ఆ తర్వాత ఉత్తరం. అంటే శ్యాంగ్ యూ పెద్దపీట తానే తీసుకున్నాడు, అతిథిని తన సలహాదారు కంటే కింద కూర్చోబెట్టాడు, ఆ అతిథి మారు మాట లేకుండా కూర్చున్నాడు. ఈ ఒక్క వాక్యం దాటి వేగంగా చదివేస్తే ఇద్దరి స్వభావాలూ చేజారిపోతాయి. తర్వాత ఫాన్ జెంగ్ నడుముకున్న పచ్చరాతి ఉంగరాన్ని మూడుసార్లు ఎత్తి, ల్యూ బాంగ్‌ను చంపమని సైగ చేస్తాడు. శ్యాంగ్ యూ పలకడు. ఆడుతూ ల్యూ బాంగ్‌ను పొడవాలని శ్యాంగ్ యూ బంధువు శ్యాంగ్ జ్వాంగ్ కత్తి నృత్యానికి లేస్తాడు, శ్యాంగ్ బో తానూ లేచి ల్యూ బాంగ్‌కు అడ్డుగా ఆడతాడు. ల్యూ బాంగ్ అనుచరుడు ఫాన్ క్వాయ్ డాలు పట్టుకుని దూసుకొచ్చి, ఇచ్చిన పచ్చి పంది జబ్బను డాలు మీదే కోసుకుని తింటాడు.

ఇప్పుడు 8వ అధ్యాయం తెరవండి. ఇది ల్యూ బాంగ్‌ది, హాన్ వంశస్థాపకుడిది. అదే విందు ఇక్కడ నాలుగైదు చిన్న వాక్యాలే. వంద పైచిలుకు గుర్రాలతో వెళ్ళాడు, క్షమాపణ చెప్పుకున్నాడు, ఫాన్ క్వాయ్, జాంగ్ ల్యాంగ్‌ల వల్ల బయటపడి వచ్చాడు, రాగానే తన రహస్యం చేరవేసిన త్సావ్ ఊషాంగ్‌ను చంపించాడు. కత్తి నృత్యం లేదు. 55వ అధ్యాయం జాంగ్ ల్యాంగ్‌ది. అక్కడ ముందు రోజు రాత్రి శ్యాంగ్ బోతో జరిగిన మంతనమే ముఖ్యం, విందు దగ్గరికి వచ్చేసరికి "ఆ మాట శ్యాంగ్ యూ విషయంలో ఉంది" అని రచయితే దారి చూపిస్తాడు. 95వ అధ్యాయంలో ఫాన్ క్వాయ్ కథలో మాత్రం కత్తి నృత్యం మళ్ళీ వస్తుంది, ఆ రోజు ఫాన్ క్వాయ్ శిబిరంలోకి దూసుకొచ్చి మందలించకపోతే ల్యూ బాంగ్ పని దాదాపు అయిపోయేదేనన్న మాటతో సహా. ప్రతి అధ్యాయమూ తన మనిషికి ఆ రోజు ఏమిటో అదే చెబుతుంది. శ్యాంగ్ యూకి మాత్రం అది లోకం చేతిలోకి వచ్చి జారిపోయిన రోజు. అందుకే పూర్తి కథ అతని దగ్గర ఉంది. బాన్ గూ ఈ దృశ్యంలో ఎక్కువ భాగాన్ని ల్యూ బాంగ్ వృత్తాంతంలోకి మార్చాడు, శ్యాంగ్ యూని పాలకుల వరుస నుంచి దించి ఛిన్ మీద మొదట తిరగబడ్డ చెన్ షెంగ్‌తో కలిపి 31వ అధ్యాయంలో ఒకే జీవితంగా పెట్టాడు. అలా మార్చేసరికి అదే విందు ఒక వంశం గండం గడిచి బయటపడిన కథ అయిపోయింది.

ఈ పద్ధతిని మొదట స్పష్టంగా వివరించింది సోంగ్ కాలపు వ్యాసకర్త సూ షున్ (1009–1066). ఒకరి సొంత కథలో మసకబరిచిన దాన్ని మరొకరి కథలో వెల్లడి చేస్తాడని అతని సూత్రం. అతనిచ్చిన ఉదాహరణల్లో ఒకటి జావ్ రాజ్య సేనాపతి ల్యెన్ పోది. యూయూ ముట్టడిని విడిపించలేమని ల్యెన్ పో చెప్పిన తప్పు సలహా అతని కథలో లేదు, మరో సేనాపతి జావ్ షె కథలో ఉంది. రెండు కథలూ 81వ అధ్యాయంలోనే కొద్ది పేజీల దూరంలో ఉన్నాయి! దాచడమే ఉద్దేశమైతే అంత దగ్గర పెట్టడు. మనిషిలో పదింట తొమ్మిది గుణమే అయినప్పుడు, ఒక్క తప్పు వల్ల ఆ చిత్రం చెడకూడదన్న శ్రద్ధ అది.

ఇక్కడ పాఠకులు తరచుగా పడే పొరపాటు ఒకటుంది. ప్రతి దాటవేతనూ రాజభయానికి ఆపాదించడం. క్రీ.పూ. 205లో పెంగ్‌చెంగ్ దగ్గర శ్యాంగ్ యూ 30 వేల మందితో హాన్ పక్షపు 5,60,000 మందిని చితక్కొట్టాడు. పారిపోతూ ల్యూ బాంగ్ తన కొడుకునీ కూతురినీ రథం నుంచి తోసేశాడు, సారథి శ్యాహౌ యింగ్ దిగి ఎక్కించుకున్నాడు. 7వ అధ్యాయం ప్రకారం ఇలా మూడుసార్లు. 95వ అధ్యాయంలో ఇంకా ఘోరం: కాలితో తన్ని పడేయబోయాడు, పిల్లల్ని వదలనందుకు సారథిని పది కంటే ఎక్కువ సార్లు నరకబోయాడు. 8వ అధ్యాయంలో మాత్రం కుటుంబం కనబడలేదు, ఓటమి తర్వాత కొడుకు ఒక్కడే దొరికాడు అని మాత్రమే ఉంది. సిమా ఛియెన్ రాస్తున్నది ల్యూ బాంగ్ మునిమనవడు ఊ చక్రవర్తి పాలనలో. అతని ఆజ్ఞతోనే పుంసత్వం పోగొట్టే శిక్ష అనుభవించిన మనిషి. కాబట్టి భయపడి దాచాడని అనేయడం సులువు. కానీ బాన్ గూ కూడా హాన్ వంశపు ఉద్యోగే, అతను ఈ సంగతిని ల్యూ బాంగ్ వృత్తాంతంలోనే రాశాడు. అంటే అక్కడ రాయడం అసాధ్యమేమీ కాదు. సిమా ఛియెన్ వేరే చోట పెట్టడానికి కారణం కథనంలో వెతకాలి: శ్యాంగ్ యూ గెలుపు ఎంత భయంకరమో చెప్పడానికి, తన పిల్లల్నే తోసేసిన తండ్రి ఉన్న దృశ్యం అక్కడ కావాలి. సారథి నిబ్బరం ఎంతటిదో చెప్పడానికి, నరకబోయిన యజమాని ఇక్కడ కావాలి.

వాక్యాల స్థాయిలో చేసిన వ్యాఖ్యానం కూడా ఇంతే నిశితం. శ్యాంగ్ యూ ఛిన్ సైన్యాన్ని ఓడించిన క్రీ.పూ. 207 నాటి జూలూ యుద్ధంలో మూలం ఒకే నిర్మాణాన్ని మూడుసార్లు వాడుతుంది. చూ సైనికుల్లో ఒక్కొక్కడూ పదిమందికి సాటి కానివాడు లేడు. చూస్తున్న సామంత సైనికుల్లో భయంతో వణకనివాడు లేడు. యుద్ధం ముగిశాక శ్యాంగ్ యూ సామంత సేనాపతుల్ని పిలిస్తే, శిబిర ద్వారంలో మోకాళ్ళ మీద రానివాడు లేడు, తలెత్తి చూసే ధైర్యం ఎవరికీ లేదు. మింగ్ కాలపు చెన్ రెన్‌షీ (1581–1636) దీని పక్కన రాసుకున్నాడు: మూడుసార్లు చెప్పడంలో ప్రాణం ఉంది, హాన్ షూ రెండింటిని తీసేసింది, దాంతో ఆ ఊపు పోయింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే అతని మాట ఎంత నిజమో తెలుస్తుంది. హాన్ షూలో మొదటిది మిగిలింది, తక్కిన రెండూ మామూలు వాక్యాలయ్యాయి.

దీనికంటే ముందే సోంగ్ కాలపు హోంగ్ మాయ్ ఏకంగా అక్షరాలు లెక్కపెట్టాడు. సేనాపతి వే ఛింగ్ కథలో ముగ్గురు అధికారులకు బిరుదులిచ్చిన రాజాజ్ఞ ఉంది. షిజీ ముగ్గురి పేర్ల ముందూ మూడుసార్లు పదవి చెబుతుంది, "1,300 ఇళ్ళతో" అన్న మాటను మూడుసార్లు చెబుతుంది. హాన్ షూ ఆ పునరుక్తిని తీసేసి 58 అక్షరాల్లో 23 ఆదా చేసింది. అయినా షిజీలోని నిండుతనం, సాదాతనమే హాయిగా ఉన్నాయని అతని తీర్పు. నేనూ అదే అంటాను. రాజాజ్ఞను కొలువులో గట్టిగా చదువుతున్నప్పుడు ఒక్కొక్క పేరూ ఒక్కొక్క బహుమతితో వినబడాలి. క్లుప్తత అక్కడ గుణం కాదు.

ఇలాంటి పరిశీలనలు మొదట పుస్తకాల అంచుల్లోనే పుట్టాయి. షిజీకి పాత టీకలు మూడు: 5వ శతాబ్దపు పే యిన్‌ది, తాంగ్ కాలంలో సిమా జెన్, జాంగ్ షౌజ్యె రాసినవి. ఇవి మన ప్రతిపదార్థం లాంటివి, ఊరి పేర్లు, ఉచ్చారణ, పాఠభేదాలు చెబుతాయి. మింగ్, ఛింగ్ కాలాల సాహిత్య వ్యాఖ్యానం దారి వేరు. అక్షరాల పక్కన సున్నాలు, చుక్కలు పెడతారు. సున్నా పెడితే అద్భుతం, చుక్క పెడితే గమనించదగ్గది. విభాగం మారే చోట గీత గీస్తారు. పై అంచున చిన్న వ్యాఖ్య, అధ్యాయం చివర మొత్తం మీద అభిప్రాయం. లింగ్ జిలోంగ్ 1576లో అచ్చు వేసిన సంకలనం ఎందరో పాత వ్యాఖ్యాతల మాటల్ని పై అంచున పేర్చింది. అది జపాన్‌లో కూడా బాగా చదివారు.

గ్వే యౌగ్వాంగ్ (1507–1571) తన ప్రతిలో ఐదు రంగులు వాడాడు. అధ్యాయ నిర్మాణానికి ఒకటి, ఒక్కో పేరాలోని మెరుపుకి ఒకటి, భావం ఎగసిపడే చోటుకి ఒకటి, ఇలా. తరాల పాటు ఆ రంగుల్ని గురుమంత్రంలా నకలు చేసుకున్నారు. ఛింగ్ కాలపు జాంగ్ షుయెచెంగ్ దీన్ని గట్టిగా విమర్శించాడు. చదివేవాడు తన కోసం గుర్తులు పెట్టుకోవడం మంచిదే, వాటిని పదిమందికీ సూత్రంగా అందించడం తప్పు అన్నాడు. అతని వాదనలో బలముంది. రంగులు ముందే చూసిన కన్ను రంగు లేని వాక్యాన్ని దాటేస్తుంది. అందుకే అధ్యాయాన్ని ముందు గుర్తులు లేని ప్రతిలో చదివి, సొంత గుర్తులు పెట్టుకుని, ఆ తర్వాతే పాత వ్యాఖ్యలతో పోల్చడం మేలు.

అలా చదివేటప్పుడు మొదట పట్టుకోవలసింది అధ్యాయం మొదట్లో వచ్చే చిన్న సంఘటన. 87వ అధ్యాయంలో, తర్వాత ఛిన్ ప్రధానమంత్రి అయిన లీ సి కుర్ర గుమాస్తాగా ఉన్నప్పుడు రెండు రకాల ఎలుకల్ని చూస్తాడు. పాయిఖానాలో మురికి తింటూ మనిషికీ కుక్కకీ బెదిరేవి, ధాన్యాగారంలో నిశ్చింతగా బతికేవి. మనిషి యోగ్యత కూడా ఉన్న చోటును బట్టే అని నిట్టూరుస్తాడు. అక్కడి నుంచి అతని నిట్టూర్పులు లెక్కపెట్టండి. ప్రధానమంత్రిగా ఇంట్లో విందు చేసినప్పుడు రెండోది, దొంగ శాసనానికి ఒప్పుకున్నప్పుడు మూడోది, చెరసాలలో నాలుగోది, క్రీ.పూ. 208లో ష్యెన్‌యాంగ్ సంతలో నడుముకి రెండుగా నరకబోయే ముందు కొడుకుతో చెప్పిన మాట ఐదోది. పాత వ్యాఖ్యాతలు ఈ ఐదింటినీ అధ్యాయపు కీళ్ళుగా చూశారు. ఛిన్ రాజనీతి వివరాలతో నిండిన పొడవైన అధ్యాయం అది. ఈ కీళ్ళు తెలియకపోతే నడుమ దారి తప్పుతాం.

రెండోది, ఎవరు విన్నారు అన్న ప్రశ్న. షిజీ కంటే పాత చరిత్ర గ్రంథం జ్వోజ్వాన్‌లో క్రీ.పూ. 607 కింద ఛూ నీ అనే హంతకుడు తెల్లవారుజామున జావ్ దున్ అనే మంత్రిని చంపడానికి వస్తాడు. జావ్ దున్ కొలువు దుస్తుల్లో సిద్ధమై కూర్చుని కునుకు తీస్తుండటం చూసి, ఇలాంటి మనిషిని చంపలేనని తనలో తాను అనుకుని చెట్టుకి తల కొట్టుకుని చస్తాడు. ఆ మాటలు విన్నవాడెవరు? జ్వోజ్వాన్‌కు సంబంధించినంత వరకు, పరిస్థితిలోకి దిగి పాత్ర పలకవలసిన మాటను చరిత్రకారుడు ఊహించాడన్న జవాబు సరిపోతుంది. షిజీలో అదే ప్రశ్నకు ఇంకో ఉపయోగం ఉంది. 92వ అధ్యాయంలోని హాన్ షిన్ కుట్ర దృశ్యం చూడండి. తర్వాత తిరగబడ్డ చెన్ షీ అనే అధికారి సెలవు తీసుకోవడానికి వస్తే, హాన్ షిన్ అతని చేయి పట్టుకుని, పరివారాన్ని పంపేసి, ముంగిట్లో నడుస్తూ తిరుగుబాటు మాట చెబుతాడు. పరివారం లేదు. ఇద్దరే ఉన్నారు. ఇద్దరూ తర్వాత చచ్చిపోయారు. ఫిర్యాదు చేసింది ఎవరు? హాన్ షిన్ చంపబోతున్న ఒక సేవకుడి తమ్ముడు. ఈ వివరాలన్నీ సిమా ఛియెన్ తానే ఇస్తాడు, ఒక్క మాట కూడా వ్యాఖ్యానించకుండా.

మూడోది, అధ్యాయం చివరి తీర్పును మొత్తం తీర్పుగా తీసుకోకపోవడం. శ్యాంగ్ యూ అధ్యాయంలో, నన్ను ఆకాశం నాశనం చేస్తోంది అన్న మాటను అతని నోట మూడుసార్లు పలికించి మన గుండె కరిగిస్తాడు. చివర మాత్రం తన తప్పు ఒప్పుకోకుండా ఆకాశం మీద నెట్టడం ఎంత అసంబద్ధమని కోప్పడతాడు. రెండూ సిమా ఛియెన్ మాటలే, ఒకదాన్ని ఒకటి కొట్టేయవు. అదనంగా 130వ అధ్యాయంలో ప్రతి అధ్యాయం ఎందుకు రాశాడో కొన్ని పాదాల్లో చెబుతాడు. శ్యాంగ్ యూకి అక్కడ మెప్పూ ఉంది, నిందా ఉంది: జావ్‌ను కాపాడితే సామంతులు నిలబెట్టారు, లొంగిన ఛిన్ రాజును చంపి, తన ప్రభువైన హ్వాయ్ రాజుకు ద్రోహం చేయడంతో లోకం తప్పుపట్టింది. ఈ మూడు చోట్లూ కలిపి చదవాలి.

ప్రతుల విషయంలో రెండు జాగ్రత్తలు. బాన్ గూ కాలానికే 10 అధ్యాయాలకు పేర్లు తప్ప పాఠం లేదు. ఇప్పుడు మనకున్న వాటిలో కొన్ని చోట్ల ఛూ షావ్‌సున్ అనే పండితుడు చేర్చిన భాగాలు "ఛూ గురువు అన్నాడు" అని మొదలవుతాయి. వాటి శైలి మీద సిమా ఛియెన్ గురించి సిద్ధాంతాలు కట్టకండి. రెండోది, ఇంగ్లీషులో చదివేవాళ్ళకి. బర్టన్ వాట్సన్ 1961 అనువాదం చాలా హాయిగా సాగుతుంది, కానీ అధ్యాయాల వరుస మార్చి, చెన్ షెంగ్ (చెన్ షె), శ్యాంగ్ యూలతో మొదలుపెడుతుంది. నీన్‌హౌజర్ బృందం 1994 నుంచి తెస్తున్న అనువాదం మూలపు వరుసనే, దండిగా పాదసూచికలతో ఇస్తుంది. కథ కోసం మొదటిది, అమరిక కోసం రెండోది. చైనీస్ వచ్చినవాళ్ళకి ఝోంగ్‌హ్వా షూజ్యు ప్రచురణ సంస్థ 1959లో విరామ చిహ్నాలతో వేసిన 10 సంపుటాలు, 2013లో దాని సవరణ ఉన్నాయి. పాత ప్రతుల్లో విరామ చిహ్నాలు లేవు కాబట్టి, ఆ కామాలు కూడా ఒక వ్యాఖ్యానమేనని గుర్తుంచుకోవాలి.

హాన్ షిన్‌తోనే మొదలుపెట్టాలనుకుంటే నేను చెప్పే వరుస ఇది. ముందు 92వ అధ్యాయం చివరి వ్యాఖ్యతో సహా. అందులో తీర్పుకి ముందు, సిమా ఛియెన్ హ్వాయ్‌యిన్ ఊరికి వెళ్ళి, పేదరికంలో కూడా హాన్ షిన్ తల్లి కోసం ఎంచుకున్న ఎత్తైన సమాధి స్థలాన్ని కళ్ళారా చూశానని రాసిన భాగం వదలకండి. తర్వాత 93వ అధ్యాయంలో చెన్ షీ కథ. అతను తిరగబడటానికి అక్కడ చెప్పిన కారణాలు వేరు. అతని అతిథుల బళ్ళు వెయ్యికి పైగా ఉండటం చూసి జావ్ మంత్రి జౌ ఛాంగ్ అనుమానపడి రాజుకు చెప్పడం, విచారణ మొదలవడం, అతను భయపడటం. హాన్ షిన్‌తో ఒప్పందం ఊసే లేదు. తర్వాత 53వ అధ్యాయంలో ల్యూ బాంగ్ మంత్రి శ్యావ్ హె వైపు, అక్కడ కూడా "ఆ మాట హాన్ షిన్ విషయంలో ఉంది" అని వెనక్కి పంపుతాడు. చివర 56వ అధ్యాయం, ల్యూ బాంగ్ సలహాదారు చెన్ పింగ్‌ది. క్రీ.పూ. 201లో ఎవరో హాన్ షిన్ మీద ఫిర్యాదు రాస్తే, చెన్ పింగ్ ల్యూ బాంగ్‌ను అడుగుతాడు: ఈ సంగతి హాన్ షిన్‌కు తెలుసా? తెలియదు. మీ సైన్యం అతని సైన్యం కంటే మేలైనదా? కాదు. మీ సేనాపతుల్లో అతన్ని మించినవాడున్నాడా? లేడు. యున్‌మెంగ్ విహారం వంకతో పిలిచి పట్టుకోండి అని సలహా ఇస్తాడు. హాన్ షిన్ అధ్యాయంలో ఒక్క ముక్కలో దాటిపోయిన ఈ సంభాషణ చదివాక, 92వ అధ్యాయం చివరి వాక్యం మళ్ళీ తెరవండి.